పాల బిల్లు పది రోజులకు వస్తుంది, మామిడి డబ్బు ఎందుకు రాదు?

మీ ప్రశ్న ఇది: "గ్రూప్స్‌కి చదువుతున్నాను. సంస్థలు బాగుంటేనే దేశాలు బాగుపడతాయని చెప్పినందుకు 2024లో అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. కానీ ఒకే ప్రభుత్వం, ఒకే కలెక్టరేటు కింద ఉన్న మన చిత్తూరులోనే ఒక పని నిలబడుతోంది, ఇంకో పని కూలిపోతోంది. మరి తేడా ఎక్కడ? విధానాల్లోనా, మనుషుల్లోనా?"

నేను సహకార శాఖలో ఆడిటర్‌గా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. దేశాల సంగతి పెద్దవాళ్లు రాశారు, నేను మన జిల్లాలో (2022లో విడిపోక ముందున్న ఉమ్మడి చిత్తూరులో) మూడు సరుకుల సంగతి చెబుతాను: పాలు, చెరకు, మామిడి. పలమనేరు వైపో బంగారుపాళ్యం వైపో ఏ పల్లెకైనా వెళ్లండి, ఈ మూడూ ఒకే ఇంట్లో కనిపించేవి. దొడ్లో రెండు జెర్సీ ఆవులు, బోరు కింద ఎకరం చెరకు, మెట్ట మీద తోతాపురి మామిడి తోట. మనిషి అదే, కష్టం అదే. డబ్బు చేతికొచ్చే తీరు మాత్రం మూడింటికీ మూడు రకాలు. కాబట్టి మనుషుల్లో తేడా అనే మాటను పక్కన పెట్టేయవచ్చు.

ముందు చట్టం ఎవరి పక్షాన ఎంత గట్టిగా ఉందో చూడండి. అన్నిటికంటే గట్టి చట్టం చెరకుది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ధర కేంద్రమే నిర్ణయిస్తుంది. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ (చెరకులోంచి వచ్చే చక్కెర పాలు) మీద క్వింటాలుకు 355 రూపాయలు. ఫ్యాక్టరీ కట్టకపోతే రెవెన్యూ రికవరీ చట్టం కింద కలెక్టరు జప్తు చేయవచ్చు. ఒక పంటకు ఇంతకన్నా రక్షణ దేశంలో ఇంకెక్కడా లేదేమో.

పాలకు ఇందులో ఒక్కటీ లేదు. మద్దతు ధర లేదు, ఇన్ని రోజుల్లో కట్టాలన్న గడువు లేదు, ఆలస్యానికి వడ్డీ లేదు. మామిడికీ లేదు.

మరి జరిగిందేమిటి? ఏ రక్షణా లేని పాల డబ్బు పది పదిహేను రోజులకోసారి బ్యాంకు అకౌంట్లో పడుతోంది. కంచుకోట లాంటి చట్టం ఉన్న చెరకు మన జిల్లాలో దాదాపు చితికిపోయింది. చిత్తూరులో ఒకటి, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో ఒకటి ఉన్న సహకార చక్కెర ఫ్యాక్టరీలు రెండూ మూతపడ్డాయి. బకాయిల కోసం రైతులు, కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. చట్టం పుస్తకంలో అలాగే ఉంది, 14 రోజులు అలాగే ఉన్నాయి.

పరీక్షకు చదివేవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి. 'సంస్థ' అంటే చట్టం, ఆఫీసు, బోర్డు అనుకుంటే ఈ లెక్క తేలదు.

పొద్దున్నే ఒక పాల కేంద్రానికి వెళ్లి నిలబడండి. ఆడవాళ్లు స్టీలు క్యాన్లతో వరసగా వస్తారు. సెక్రటరీ క్యాన్‌లోంచి చిన్న గ్లాసుడు శాంపిల్ తీసి అనలైజర్ కింద పెడతాడు. నిమిషం లోపలే ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఎంత, లీటరు రేటెంత అని డిస్‌ప్లే మీద వస్తుంది. తూకం కూడా ఎదురుగానే. చీటీ చేతిలో పడుతుంది. ఫ్యాట్ 3.8 రావాల్సింది 3.4 వచ్చిందనుకోండి, ఆమె అక్కడే గొడవ పెట్టుకుంటుంది, "నిన్న అదే ఆవు, అదే మేత, ఈరోజు ఎట్లా తగ్గిందప్పా?" అని. మళ్లీ పెట్టి చూపించేదాకా కదలదు. వెనక వరసలో ఉన్నవాళ్లంతా వింటుంటారు. రెండు మూడు సార్లు ఇలాగైతే మరుసటి రోజు ఆ క్యాన్ వీధి చివర ఉన్న ఇంకో డెయిరీ కేంద్రానికి పోతుంది. సెక్రటరీకి ఆ సంగతి తెలుసు.

ఆ చివరి మాటే అసలు విషయం. మరుసటి రోజు పొద్దున ఇంకో చోటికి పోగలగడం. అది ఆకాశంలోంచి ఊడిపడలేదు, విధానమే తెచ్చింది. 1991లో పాడి పరిశ్రమకు లైసెన్సుల పద్ధతి తీసేశారు. 1992లో పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు వచ్చింది. దాని కింద పెద్ద డెయిరీలు రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చేది, ఎవరు ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో ఆ రిజిస్ట్రేషన్‌లోనే హద్దులు గీసేవారు. 2002 మార్చిలో ఆ హద్దులూ పోయాయి. చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది కూడా ఆ ఏడాదే, ఆగస్టులో. అది ఎందుకు మూతపడిందో రెండు పార్టీల వాళ్లు రెండు కథలు చెబుతారు, ఇరవై ఏళ్లుగా వింటున్నాం. ఆ పంచాయతీ నేను చేయను. నాకు ఆసక్తి ఉన్న విషయం వేరే. జిల్లాకు పెద్ద దిక్కనుకున్న డెయిరీ మూతపడ్డా ఆవులు సంతకు పోలేదు. ప్రైవేటు డెయిరీల బండ్లు అప్పటికే ఊళ్లలో తిరుగుతున్నాయి.

ఆ తరువాత ఇంకో మలుపు. 2002లోనే కంపెనీల చట్టాన్ని సవరించి 'ఉత్పత్తిదారుల కంపెనీ' అనే కొత్త రూపాన్ని చేర్చారు. యాజమాన్యం రైతులది, నడిపే పద్ధతి కంపెనీది. సహకార సంఘంలో లాగా రిజిస్ట్రారు పెత్తనం, నామినేటెడ్ పాలకవర్గం గొడవ ఉండదు. ఆ రూపంలోనే 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ పుట్టింది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు అండ ఇచ్చింది. సభ్యులంతా ఆడవాళ్లే. పాల డబ్బు సభ్యురాలి అకౌంట్లోనే పడుతుంది. సహకార శాఖలో పనిచేసినవాడు ఈ మాట అనకూడదేమో గానీ, మా శాఖ చట్టం కింద చేయలేని పని పక్క చట్టం కింద జరిగింది.

డబ్బు ఆమె అకౌంట్లో పడటం చిన్న విషయంగా కనిపిస్తుంది. మా చిన్నప్పుడు పాలు పితికేది ఆడవాళ్లు, బిల్లు తెచ్చుకునేది మగవాళ్లు. దారిలో ఎంత ఖర్చయిందో ఇంటికొచ్చాక తెలిసేది. ఇప్పుడు పిల్లల ఫీజు, చీటీ కంతు, ఆవు దాణా అన్నీ ఆమె ఫోన్‌లోంచే పోతున్నాయి. దీనికి నేల మాత్రం అంతకు ముందే సిద్ధమైంది. 2000లో ప్రపంచబ్యాంకు సాయంతో పేదరిక నిర్మూలన పథకం 'వెలుగు' మొదలైనప్పుడు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. పొదుపు సంఘం మీటింగుల్లో సంతకం, లెక్క, బ్యాంకు భయం పోవడం అన్నీ అక్కడే నేర్చుకున్నారు. ఒక విధానం ఫలితం ఇంకో విధానం కింద బయటపడటం అంటే ఇదే. సర్వేలకు ఇది దొరకదు.

పాలలో అంతా బాగుందని అనడం లేదు. పాలపొడి ధర పడితే సేకరణ ధర పడుతుంది, దాణా ధర మాత్రం దిగదు. ఇంకో నష్టం కూడా ఉంది. పాల దిగుబడి కోసం దశాబ్దాల పాటు జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి విదేశీ జాతుల వీర్యంతో కృత్రిమ గర్భధారణను ప్రోత్సహించారు. మన పుంగనూరు పొట్టి ఆవు అంతరించే దాకా వచ్చింది. దాన్ని కాపాడటానికి పలమనేరులో పరిశోధన కేంద్రం నడపాల్సి వచ్చింది. ఒక శాఖ తరిమేసిన ఆవును ఇంకో శాఖ వెతుక్కుంది.

చెరకు దగ్గరికి వద్దాం. చట్టం అంత గట్టిగా ఉండి ఎందుకు పనిచేయలేదు? ఇంకో చట్టం చూడండి, 1961 నాటి రాష్ట్ర చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం. దాని కింద ప్రతి ఫ్యాక్టరీకీ కొన్ని ఊళ్లు జోన్‌గా కేటాయిస్తారు. ఆ ఊళ్ల చెరకు ఆ ఫ్యాక్టరీకే పోవాలి. అంటే ఒక చేత్తో రైతుకు 14 రోజుల హామీ ఇచ్చి, రెండో చేత్తో వేరే కొనుగోలుదారుణ్ణి తప్పించారు. ఫ్యాక్టరీ కట్టలేదంటే రైతుకు మిగిలిన దారి కలెక్టరాఫీసు. కలెక్టరు సహకార ఫ్యాక్టరీని జప్తు చేస్తే వచ్చేదేమిటి? తుప్పుపట్టిన యంత్రాలు, కార్మికుల జీతాల బకాయిలు, బ్యాంకు తాకట్టు. ఫ్యాక్టరీ పాలకవర్గంలో ఉండేది స్థానిక నాయకులు. ఎవరు ఎవరి మీద చర్య తీసుకుంటారు?

రైతులు వాళ్ల దారి వాళ్లు వెతుక్కున్నారు. తోట దగ్గరే గానుగ పెట్టి బెల్లం వండి చిత్తూరు మండీకి తోలారు. చిత్తూరు బెల్లానికి తమిళనాడు దాకా పేరుంది. అక్కడా విధానం వచ్చి అడ్డం నిలబడేది, సారా కాచేవాళ్లకు నల్లబెల్లం పోతోందని బెల్లం రవాణా మీద ఎక్సైజు వాళ్ల నిఘా. చెరకు కింద నేల తగ్గిపోవడానికి నీళ్లు, కూలీల కొరత కూడా కారణాలే, కాదనను. కానీ మొదటి దెబ్బ నమ్మకం మీద పడింది.

ఇక మామిడి. మీరు అడిగిన దాంట్లో అసలు ముడి ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

తోతాపురి ఇంత ఎందుకు పెరిగిందో ముందు చూడాలి. ఒకప్పుడు ఈ మెట్ట నేలల్లో వేరుశనగే. 1986లో నూనెగింజల మిషన్ పెట్టి కేంద్రమే ప్రోత్సహించింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచింది. వేరుశనగను దెబ్బతీసిన వాటిలో అదొకటి. వర్షాలు, తెగుళ్లు, కూలి ఖర్చు మిగతా పని చేశాయి. అప్పుడు మామిడి వచ్చింది. హార్టికల్చర్ మిషన్, బిందుసేద్యానికి రాయితీ, ఉపాధి హామీ కింద గుంతలు తీసి మొక్కలు నాటడం, ఇలా ప్రతి పథకమూ మొక్క నాటించింది. నాటిన ఎకరాల లెక్క ప్రతి సమీక్షలోనూ అడిగారు. కాయ ఎవరు కొంటారన్న కాలమ్ ఆ ఫారాల్లో నేనైతే చూడలేదు.

తోతాపురి ఇంట్లో కోసుకుని తినే బేనీషా లాంటిది కాదు. అది గుజ్జు ఫ్యాక్టరీ కోసమే. కోత జూన్, జూలై. కాయ పక్వానికొచ్చాక చెట్టు మీద ఎన్నో రోజులు నిలవదు, కోశాక అసలే నిలవదు. ఫ్యాక్టరీలో గుజ్జు మాత్రం ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు చొరని) బ్యాగుల్లో, డ్రముల్లో ఏడాదికి పైగా నిలవ ఉంటుంది. పోయినేడు గుజ్జు గోదాంలో మిగిలి ఉన్న ఫ్యాక్టరీకి ఈ ఏడు తొందరేమీ లేదు. ఒక వైపు గంటలు లెక్కపెట్టుకునేవాడు, ఇంకో వైపు నెలలు ఆగగలిగేవాడు. వీళ్లిద్దరూ బేరమాడితే ధర ఎటు పోతుందో చెప్పడానికి నోబెల్ అక్కర్లేదు.

2025 సీజన్‌లో అదే జరిగింది. దిగుబడి విపరీతం, పాత గుజ్జు నిల్వలు భారీగా ఉన్నాయి. టోకెన్లు పట్టుకుని ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు కిలోమీటర్ల మేర నిలిచాయి. ట్రాలీ అడుగున కాయ చెమర్చి రసం కారుతుంటే, డ్రైవరు టార్పాలిన్ ఎత్తి వాసన చూసి మళ్లీ కప్పేవాడు. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. జూన్ 7న కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. హద్దుకు అవతల కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు రైతులకు మన చిత్తూరు ఫ్యాక్టరీలే దిక్కు. నాలుగు రోజులకు కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. తరువాత కేంద్రం, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు 1.62 లక్షల టన్నులకు క్వింటాలుకు 1,490.73 రూపాయల ధర, కర్ణాటకకు 2.5 లక్షల టన్నులకు 1,616 రూపాయల ధర ఒప్పుకుంది. హద్దుకు అటొక చెట్టు, ఇటొక చెట్టు, కాయలో తేడా లేదు. ధరలో 125 రూపాయల తేడా.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. డబ్బు పెట్టింది, రైతుల అకౌంట్లలో వేసింది. అయితే ఆ 12లో ప్రభుత్వం చేతిలో ఉన్నది 4 మాత్రమే. 8 అన్నది ఫ్యాక్టరీ చేతిలోది. గేటు దగ్గర తూకం చీటీ మీద ధర రాయకుండా "తరువాత చూద్దాం" అంటే రైతు చేయగలిగేదేమీ లేదు. కాయ వెనక్కి తీసుకుపోలేడు, పాల క్యాన్ లాగా వీధి చివరికి మోసుకుపోలేడు. 8 రూపాయలు రావడం లేదని రైతులు రోడ్డెక్కారు కూడా. చెరకుకు ఉన్న 14 రోజుల గడువు లాంటిది మామిడికి లేదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. డ్రమ్ములు సప్లై చేసినవాడికి ఆ చట్టం వర్తించవచ్చు, కాయ తోలినవాడికి వర్తించదు. రైతు 'సంస్థ' కాడు కదా.

ఇంకో చిక్కు. 4 రూపాయలు ఎవరికి చేరాలి? చాలా తోటలు పూత మీదనో పిందె మీదనో గుత్తకు పోతాయి. పెట్టుబడి, మందుల పిచికారీ అంతా గుత్తదారుడిది, రికార్డులో పేరు భూమి యజమానిది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ఎంతమంది పెడతారో మీకు తెలియంది కాదు. అందుకే పథకం ఏదైనా, డబ్బు రికార్డు వెంట పోతుంది తప్ప కష్టం వెంట పోదు. మన జిల్లాలో రికార్డుల కథ మరీ పాతది. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయినా, ఆ ఊళ్ల సెటిల్‌మెంట్ తగాదాలు ఇంకా కోర్టుల్లో వింటుంటాం. ఇది వేరే సమాధానం రాయాల్సినంత ఉంది, వదిలేస్తున్నా.

నీళ్ల గురించి ఒక్క ముక్క. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. రైతుకు ఊరట, అందులో అనుమానం లేదు. కానీ కరెంటు ఉచితమైతే నీటికి ఉన్న ఒకే ఒక్క ధర కూడా పోయినట్టే. పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. అదుపు చేయాల్సిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచే ఉంది. దాన్ని రిగ్గు దగ్గర ఆపి చూపించినవాళ్లు తక్కువ. దీనికి ఎదురు, అదే కాలంలో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే ఒక ప్రాజెక్టు చిత్తూరుతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచింది. బావిలో నీటిమట్టం, వర్షం రైతులే కొలిచి ఊరి గోడ మీద రాసేవారు, రబీలో ఏ పంటకు ఎన్ని నీళ్లున్నాయో చూసుకునేవారు. ఎవరూ ఎవరికీ జరిమానా వేయలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. చాలా ఊళ్లలో నీళ్లు ఎక్కువ తాగే పంటలు తగ్గించుకున్నారు. ఫ్యాట్ మిషన్ చేసిన పనే అక్కడ ఆ గోడ చేసింది.

"ఇవన్నీ పల్లె కథలు, తిరుపతి సంగతేంటి?" అని మీరు అడగవచ్చు. తిరుపతి, చిత్తూరు పక్కపక్కన పెట్టి చూడండి. 1911లో జిల్లా ఏర్పడినప్పుడు కేంద్రం చిత్తూరు. కోర్టులు, కచేరీలు అక్కడ. తిరుమల ఆలయం 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1932 చట్టంతో పాలన 1933లో కమిటీ చేతికొచ్చింది, లెక్కలు బయటికొచ్చాయి. ఆదాయం విద్యకు మళ్లింది. 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1952లో పద్మావతి మహిళా కాలేజీ, 1954లో దేవస్థానం ఇచ్చిన స్థలంలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఆ తరువాత మెడికల్ కాలేజీ, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ ఆసుపత్రి. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయంటే అప్పటికే కాలేజీలు, అద్దె ఇళ్లు, ఆసుపత్రులు ఉన్న ఊరు కాబట్టే. 2022లో జిల్లా వేరు చేసేనాటికి తిరుపతి ఎప్పుడో వేరైపోయింది. భక్తులు వేసిన హుండీ డబ్బు అంతకు ముందూ ఉంది, దాన్ని లెక్కగట్టే బోర్డు తరువాత వచ్చింది.

సత్యవేడు దగ్గరి పారిశ్రామిక వాడ శ్రీసిటీ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 2005 సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండళ్ల) చట్టం, చెన్నై రేవులు దగ్గర, ఇవి రెండూ అందరూ చెప్పేవే. తక్కువగా చెప్పేది, అక్కడ సెజ్ పక్కనే దేశీయ మార్కెట్‌కు అమ్ముకునే జోన్ కూడా పెట్టారు. 2020 మార్చి తరువాత మొదలయ్యే సెజ్ యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు ఆగిపోయింది. దాన్నే నమ్ముకున్న చాలా సెజ్‌లు కళ తప్పాయి. ఇక్కడ ఫోన్లు, ఏసీలు, చాక్లెట్లు చేసే కంపెనీలు ఆ రెండో తలుపులోంచి వస్తూనే ఉన్నాయి. సత్యవేడు, వరదయ్యపాళ్యం అమ్మాయిలు షిఫ్టు బస్సెక్కుతున్నారు.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నోబెల్ పేర్లు ఒక లైనులో రాసి, తోతాపురి మీద రెండు పేజీలు రాయండి. మీరే ఒక పరిష్కారం సూచించాల్సి వస్తే నేనైతే ధర ప్రకటించడం దగ్గర మొదలుపెట్టను, ఆగగలిగే శక్తి దగ్గర మొదలుపెడతాను. రైతుల కంపెనీ ఒక ఫ్యాక్టరీ లైనును సీజన్‌కు అద్దెకు తీసుకుని, కూలి కట్టి, తన కాయను తానే గుజ్జు చేయించుకోవచ్చు. కాయ ఆగదు, డ్రమ్ము ఆగుతుంది. ఆ డ్రమ్ముకు గోదాం రశీదు ఇచ్చి, రశీదు మీద అప్పు తీసుకునే వీలు 2007 గోదాముల చట్టం కింద ఉంది. 2025 సెప్టెంబరులో పండ్లరసాల పానీయాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, గిరాకీకి కాస్త ఊతం. సీజన్‌కు ముందే, ఏప్రిల్‌లోనే, ఫ్యాక్టరీలతో కూర్చుని తూకం చీటీ మీద ధర, చెల్లింపు తేదీ తప్పనిసరి చేయాలి. చీటీ లేని లోడుకు ఫ్యాక్టరీకి వచ్చే ఏ రాయితీ వర్తించదని రాయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, జీవో చాలు. గుత్తదారుడి పేరు కూడా ఆ చీటీ మీదే రాస్తే కౌలు కార్డు గొడవ సగం తగ్గుతుంది.

శ్రీజ మోడల్ మామిడికి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, పాలు ఏడాదంతా రోజుకు రెండు పూటలా వస్తాయి, మామిడి ఏడాదికి నలభై యాభై రోజులే వస్తుంది, మిగతా పది నెలలు ఆఫీసు అద్దె, మేనేజరు జీతం ఎవరు కడతారన్నది నిజమైన ఇబ్బంది. టమోటా, చింతపండు కలుపుకుంటే గిట్టుబాటవుతుందా అన్న లెక్క వేయాలి. మదనపల్లె వైపు టమోటా ధరల పట్టిక దొరికితే పంపండి, కలిసి వేద్దాం.